గోళానికి దిక్కు లేదు

చంద్రుడికి వరదగుడి కట్టిన రాత్రి మా అమ్మమ్మ ముందుగా దాని వెడల్పు చూసేది. గుడి దగ్గరైతే వాన దూరం, గుడి దూరమైతే వాన దగ్గర అనేది. డాబా మీద పక్కలు వేసుకుని పడుకునే రోజుల్లో ఈ మాట చాలా ఇళ్లలో వినిపించేది. వాన ప్రతిసారీ ఆ లెక్క ప్రకారమే వచ్చిందని చెప్పను. కానీ ఆ మాట పుట్టించినవాళ్ల చూపు ఎంత నిశితమైనదో భౌతికశాస్త్రం చదివాకే నాకు తెలిసింది. చంద్రుడి చుట్టూ కట్టే గుళ్లు నిజంగానే రెండు రకాలు. చిన్నది పెరిగి పెద్దది అవదు. రెండింటినీ కట్టే మేస్త్రీలు వేరు.

చిన్న గుడి చంద్రుణ్ణి అంటిపెట్టుకునే ఉంటుంది. మధ్యలో కాస్త నీలి ఛాయ కలిసిన తెలుపు, అంచున ఇటుక ఎరుపు. చేయి చాపి బొటనవేలు అడ్డం పెడితే ఆ వేలి వెడల్పు దాదాపు 2 డిగ్రీలు. చిన్న గుడి అంచు ఒకటి రెండు వేళ్ల దూరంలోనే ఉంటుంది. పెద్ద గుడి కోసం చేయి పూర్తిగా చాపి జాన పట్టాలి. బొటనవేలి కొన చంద్రుడి మీద ఉంచితే చిటికెనవేలి కొన ఇంచుమించు గుడి మీదికి వస్తుంది. ఆ దూరం 22 డిగ్రీలు. దీనికి ఎరుపు లోపలి అంచున ఉంటుంది, చిన్న గుడికేమో బయటి అంచున. రంగుల వరసే తిరగబడింది.

చిన్న గుడిని కట్టేవి నీటి బిందువులు. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్ అనుకుంటే, పలచని మబ్బులో బిందువు వ్యాసం 20 మైక్రాన్ల దాకా ఉంటుంది. దాని అంచుల చుట్టూ వెన్నెల వంగి, మళ్లీ తనలో తాను కలిసి, రెండు డిగ్రీల దగ్గర మొదటి వలయాన్ని ముగిస్తుంది. బిందువులు చిన్నవైతే వలయం పెద్దదవుతుంది. పెద్ద గుడి సంగతి వేరు. చాలా ఎత్తులో ఉండే పలచని మబ్బుల్లో నీరు గడ్డకట్టి ఆరు పలకల పెన్సిల్ ముక్కల్లాంటి మంచు స్ఫటికాలు అవుతుంది. ఆ పలకల్లో ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే వాటి మధ్య కోణం 60 డిగ్రీలు, అంటే ప్రతి స్ఫటికమూ ఒక పట్టకమే. మంచు వక్రీభవన గుణకం 1.31. ఈ రెండు అంకెలూ కలిశాక, ఆ పలకల గుండా వచ్చే వెలుగు కనీసం 22 డిగ్రీలు పక్కకి తిరగక తప్పదు. స్ఫటికం పెద్దదైనా చిన్నదైనా అదే 22. మొదటి గుడిని బిందువు సైజు నిర్ణయిస్తుంది, రెండో గుడిని స్ఫటికం ఆకారం నిర్ణయిస్తుంది. తుపాను రాకముందే దాని నెత్తి మీద నుంచి ఇలాంటి మంచు మబ్బులు చాలా దూరం పరుచుకుంటాయి కాబట్టి, దూరపు గుడికి దగ్గరి వానతో కొంత చుట్టరికం ఉన్నట్టే.

కాంతి ఒక రేణువును తాకి నలుదిక్కులా చెదరడాన్ని పరిక్షేపణం అంటాం. దీని గురించి పాఠాల్లో మొదట నేర్చుకునేదంతా గోళం కథే. 1871లో లార్డ్ రేలీ ఆకాశపు నీలం లెక్క తేల్చాడు. తరంగదైర్ఘ్యంతో పోలిస్తే మరీ చిన్న రేణువులు ఎరుపు కంటే నీలాన్ని చాలా ఎక్కువగా చెదరగొడతాయి. రేణువు తరంగదైర్ఘ్యానికి దీటుగా పెరిగితే లెక్క జటిలమవుతుంది. దానికి పూర్తి సమాధానం 1908లో వచ్చింది. జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో గుస్టావ్ మీ అనే శాస్త్రవేత్త, నీళ్లలో తేలే బంగారు రేణువులు ఎర్రగా ఎందుకు కనిపిస్తాయో తేల్చాలనుకున్నాడు. అందుకోసం ఏ సైజు గోళానికైనా సరిపోయే కచ్చితమైన సూత్రాలు రాశాడు. ఇవాళ పాల చిక్కదనం దగ్గర్నుంచి పొగమంచు దాకా లెక్కించేది ఆ సూత్రాలతోనే.

ఆయన గోళాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. గోళాన్ని ఎటు తిప్పినా గోళమే. కాంతి ఏ వైపు నుంచి వచ్చినా దానికి ఎదురయ్యేది ఒకే రూపం. గోళానికి దిక్కు లేదు. అదే ఒక పుల్లను తీసుకోండి, బియ్యపు గింజను తీసుకోండి, నాణెం తీసుకోండి. నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా, అంచు చూపిస్తోందా, ముఖం చూపిస్తోందా అని వెంటనే అడగాల్సి వస్తుంది. రేణువు ఆకారం కాంతిని మారుస్తుంది అని మనం చెప్పేదాంట్లో చాలా భాగం ఈ ప్రశ్న నుంచి పుట్టిందే.

చెప్పడం కంటే చూడటం తేలిక. రెండు గాజు గ్లాసుల్లో సగానికి నీళ్లు పోయండి. ఒకదాంట్లో చెంచాడు పాలు కలపండి. రెండోదాంట్లో ముత్యంలా మెరిసే రకం షాంపూ చెంచాడు వేసి, నురగ రాకుండా మెల్లగా కలపండి. సీసా వెనక గ్లైకాల్ డైస్టియరేట్ అన్న పేరుంటే అదే మనకు కావలసిన రకం. ఇప్పుడు రెండు గ్లాసుల్నీ కిటికీ దగ్గర పెట్టి చెంచాతో ఒక చుట్టు తిప్పి వదిలేయండి. పాలనీళ్లు తిరుగుతున్నాయో ఆగాయో చూసి చెప్పడం కష్టం, అంతా ఒకే తెలుపు. షాంపూ నీళ్లలో మాత్రం పట్టుచీర మడతల్లాంటి చారలు లేస్తాయి. చెంచా వెళ్లిన దారి, దాని వెనక పుట్టిన సుడి, గోడ దగ్గర నెమ్మదించిన నీరు అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. నీరు ఆగేకొద్దీ ఆ చారలూ చెదిరిపోతాయి.

రెండు గ్లాసుల్లోనూ కాంతిని చెదరగొట్టే రేణువులే ఉన్నాయి. పాలలోవి కొవ్వు గోళికలు, వాటికంటే చాలా చిన్నవైన కేసీన్ ఉండలు. అన్నీ దాదాపు గుండ్రనివే కాబట్టి ప్రవాహం వాటిని ఎటు తిప్పినా కాంతికి తేడా తెలియదు. షాంపూలోవి పలచటి పలుకులు. కాలువలో కొట్టుకుపోయే ఆకుల్లాగా అవి ప్రవాహానికి ఒరిగి ఒకే వరసకు వస్తాయి. ముఖం మన వైపు తిరిగిన చోట వెలుగు, అంచు తిరిగిన చోట నీడ. వంటింట్లో రెండు నిమిషాల్లో అయిపోయే ఈ పని మీద నాకు చాలా మమకారం. ఆకారం, దిక్కు, కాంతి ఈ మూడింటి సంబంధాన్ని ఇంత సూటిగా చూపించే పరికరం ఏ ప్రయోగశాలలోనూ నాకు తారసపడలేదు.

గుస్టావ్ మీ లెక్కను గోళం నుంచి కోలగా ఉండే రేణువులకు మళ్లించే ప్రయత్నం వెంటనే మొదలైంది. 1912లో రిచర్డ్ గాన్స్ బాగా చిన్న కోల రేణువులకు సూత్రం రాశాడు. దాని ప్రకారం బంగారు రేణువును గోళం నుంచి కడ్డీగా సాగదీస్తే రంగు మారిపోతుంది. కోవిడ్ రోజుల్లో ఇంట్లో చేసుకున్న ర్యాపిడ్ టెస్ట్ పట్టీ మీద ఎర్ర గీత గుర్తుండే ఉంటుంది. చాలా పట్టీల్లో ఆ ఎరుపు గుండ్రటి బంగారు నానో రేణువులదే. అదే బంగారాన్ని సన్నని కడ్డీలుగా చేస్తే, పొడవు పెరిగేకొద్దీ అది పీల్చుకునే కాంతి ఎరుపు దాటి కంటికి కనిపించని పరారుణం వైపు జరుగుతుంది. లోహం అదే, మారింది రూపం.

తరంగదైర్ఘ్యం కంటే మరీ చిన్న రేణువులో కాంతికి మూలలూ గరుకుదనమూ కనిపించవు. పొడుగా, చదునా, గుండ్రనా అన్నంత వరకే దానికి తెలుస్తుంది. ఆ కాస్త తేడా అణువుల్లో కూడా బయటపడుతుందని తేలడం మన దేశపు విజ్ఞాన చరిత్రలో గొప్ప ఘట్టాలకు దారితీసింది.

కాంతి తరంగం తన దారికి అడ్డంగా ఊగుతుంది. ఊగే దిశలన్నీ కలగాపులగంగా ఉంటే మామూలు వెలుగు, ఒకే దిశలో ఊగితే ధ్రువిత కాంతి. సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో ఉన్న నీలాకాశాన్ని పోలరాయిడ్ కళ్లద్దంలో చూస్తూ అద్దాన్ని తిప్పితే ఆకాశం నల్లబడటం కనిపిస్తుంది. చెదిరిన కాంతి ధ్రువితమైందనడానికి అదే గుర్తు. అణువులన్నీ గుండ్రనివైతే, ప్రయోగశాలలో ఒక వాయువు నుంచి లంబకోణంలో చెదిరిన కాంతిని ఇలా పూర్తిగా ఆర్పేయొచ్చు. ఆర్గాన్ విషయంలో దాదాపు అలాగే జరుగుతుంది, దాని పరమాణువు గుండ్రనిది. గాలిలో సుమారు 3 శాతం మిగిలిపోతుంది. కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం. నైట్రోజన్, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అణువులు పొడవాటివి. వాటిలో ఎలక్ట్రాన్లు పొడవు వెంట తేలిగ్గా కదులుతాయి, అడ్డంగా అంత తేలిగ్గా కదలవు. పట్టాల మీద ఉన్న ట్రాలీని ఏటవాలుగా తోసినా అది పట్టాల వెంటే పోయినట్టు, కాంతి ఒక దిశలో ఊపితే ఆ ఎలక్ట్రాన్లు కాస్త పక్కకి ఒరిగి ఊగుతాయి. ఆర్పినా ఆరని ఆ కొద్ది వెలుగు అణువు ఆకారానికి సాక్ష్యం.

సి.వి.రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి అక్కడి ఏవీఎన్ కాలేజీలో అధ్యాపకుడు. సముద్రం పక్కన పెరిగిన ఆ పిల్లవాడు 1921లో ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగి వస్తూ, చేతిలో ఒక నికోల్ పట్టకంతో మధ్యధరా సముద్రాన్ని పరీక్షించాడు. నీటి మీద ఆకాశపు ప్రతిబింబాన్ని ఆ పట్టకంతో తొలగించినా నీలం పోలేదు. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని తేల్చాడు. ఆ తర్వాత కలకత్తాలో ఆయన బృందం ఎన్నో ద్రవాలలో, ఆవిరులలో ఈ ఆరని వెలుగును కొలుస్తూ పోయింది. 1923లో ఆయన శిష్యుడు కె.ఆర్.రామనాథన్ నీటిలో ఆ కొలతలు తీస్తుండగా రంగు మారిన కాంతి జాడ ఒకటి తగిలింది. మొదట మలినం వల్ల అనుకున్నారు. ఎంత శుద్ధి చేసినా అది పోలేదు. ఆ దారి 1928 ఫిబ్రవరి 28న రామన్ ప్రభావం దగ్గరికి చేరింది. నోబెల్ బహుమతి కథ అందరికీ తెలుసు. దాని వెనక ఏళ్ల తరబడి అణువుల వంకర తేల్చడానికి తీసిన ఓపిక కొలతలున్నాయని మాత్రం మనం తగినంతగా చెప్పుకోం. రామన్ దగ్గర పనిచేసిన కృష్ణా జిల్లావాసి సూరి భగవంతం ఈ విషయం మీద 1940లో ఒక ప్రామాణిక గ్రంథం రాశారు. దాన్ని వాల్తేరు నుంచి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రచురించింది.

ధ్రువణంతో ఆకారాన్ని పట్టే పద్ధతి ఇప్పుడు ఆకాశానికెక్కింది. తిరుపతి దగ్గరి గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడ 1998లో జపాన్ సహకారంతో ఒక లైడార్‌ను నెలకొల్పారు. రాత్రిపూట అది ఆకుపచ్చ లేజర్ తళుకుల్ని నిట్టనిలువుగా పైకి పంపుతుంది. వెళ్లే కాంతి ఒకే దిశలో ఊగుతుంది. మబ్బును తాకి వెనక్కి వచ్చిన దాన్ని రెండు భాగాలు చేసి చూస్తారు: వెళ్లిన దిశలోనే ఊగేది ఎంత, దానికి అడ్డంగా ఊగేది ఎంత. నీటి బిందువు గుండ్రనిది కాబట్టి నేరుగా వెనక్కి పంపిన కాంతిలో ఊగే దిశను మార్చదు. మంచు స్ఫటికం లోపల కాంతి ఆ పలకా ఈ పలకా తగిలి మెలికలు తిరిగి వస్తుంది, అడ్డంగా ఊగే భాగం బాగా పెరుగుతుంది. మన నెత్తి మీద పది పన్నెండు కిలోమీటర్ల పైన, ఒక్కోసారి కంటికి కూడా ఆననంత పలచగా పరుచుకున్న మబ్బు మంచుదా నీటిదా అని కింద నిలబడి చెప్పగలుగుతున్నారంటే ఈ తేడా వల్లే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, అది నాకు చాలా ఇష్టమైనది. 2006లో వెళ్లిన కాలిప్సో ఉపగ్రహం ఇదే పనిని పైనుంచి కిందికి చేసింది. మొదట దాని లేజర్ దాదాపు నిట్టనిలువుగా కిందికి చూసేది. కొన్ని మంచు మబ్బులు నీటి మబ్బుల్లా ధ్రువణం మార్చకుండా, పైగా విపరీతంగా మెరుస్తూ జవాబిచ్చాయి. కారణం, పలచటి షడ్భుజి పలకలు కిందికి జారేటప్పుడు విస్తరాకుల్లా చదునుగా పడుకుని జారతాయి. లక్షల చిన్న అద్దాలు ఒకే మట్టంగా పరిచినట్టే. అద్దం ధ్రువణాన్ని మార్చదు. 2007 నవంబరులో లేజర్ చూపును నిలువు నుంచి 3 డిగ్రీలు వాల్చారు, ఆ మెరుపు చాలావరకు తగ్గింది. సాయంత్రం వేళ సూర్యుడికి చెరో పక్కన, అదే 22 డిగ్రీల దూరంలో, చిన్న రంగుల సూర్యుళ్లు కనిపిస్తే అవీ ఇలా పడుకున్న పలకలు చేసినవే.

ఎడారి దుమ్ము దగ్గర గోళం లెక్క బాగా తడబడింది. విమానంలో కిటికీ పక్కన, సూర్యుడికి ఎదురు వైపు కూర్చున్నప్పుడు కింద మబ్బు మీద విమానం నీడను వెతకండి. నీడ చుట్టూ రంగుల వలయం కనిపిస్తే ఆ మబ్బు గుండ్రటి నీటి బిందువులదని చెప్పేయొచ్చు. ఇంద్రధనుస్సు కూడా గుండ్రటి చినుకు ఇచ్చే వరమే. దుమ్ము రేణువులు పెచ్చులు, చెక్కలు, కోసుగా విరిగిన ముక్కలు. వాటికి ఇంద్రధనుస్సూ లేదు, ఆ వలయమూ లేదు. వాటి నుంచి పక్కలకు చెదిరే కాంతి గోళం చెప్పిన దానికంటే ఎక్కువ. గోళాలనుకుని ఉపగ్రహ చిత్రాల నుంచి గాలిలో దుమ్ము ఎంతుందో లెక్కిస్తే జవాబు తప్పుతుంది. అందుకే 2006 ప్రాంతంలో ఒలెగ్ దుబోవిక్ బృందం, దుమ్మును రకరకాల నిష్పత్తుల్లో సాగిన, అణిగిన కోల రేణువుల మిశ్రమంగా తీసుకునే పద్ధతి తెచ్చింది. నిజానికి ఏ దుమ్ము రేణువూ నున్నటి కోడిగుడ్డులా ఉండదు. అయినా గోళాన్ని వదిలి అంత దూరం జరిగితే చాలు, లెక్క నిజానికి ఎంతో దగ్గరయింది.

గోళం లెక్క పనికి రానప్పుడు ఇంకో ఉపాయం కూడా ఉంది. రక్తం ఇచ్చి సీబీపీ పరీక్ష చేయించుకోనివాళ్లు ఇవాళ అరుదు. ఎర్ర రక్తకణం మధ్యలో రెండు వైపులా నొక్కిన గారెలాంటిది, చిల్లు మాత్రం ఉండదు. వెడల్పు 7, 8 మైక్రాన్లు, మందం రెండు మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ. లేజర్ ముందు నుంచి ఒక్కొక్క కణమూ జారిపోతుంటే, అది అడ్డంగా పోతోందా నిలువుగా పోతోందా అన్నదాన్ని బట్టి చెదిరే కాంతి మారిపోతుంది. అప్పుడు కణం సైజు ఎలా తెలుస్తుంది? కొన్ని యంత్రాల్లో ముందుగా ఒక రసాయనం కలిపి, ఘనపరిమాణం మారకుండా, కణాన్ని బంతిలా చేస్తారు. బంతికి దిక్కు లేదు కాబట్టి గుస్టావ్ మీ సూత్రాలు ఇక సూటిగా పనిచేస్తాయి. రెండు కోణాల్లో చెదిరిన కాంతిని కొలిస్తే కణం పరిమాణం, అందులోని హిమోగ్లోబిన్ గాఢత రెండూ వస్తాయి. మీరు రిపోర్టులో చూసే అంకెల్లో కొన్ని ఇలా గుండ్రంగా మారిన కణాలు చెప్పినవి కావచ్చు.

శుక్రగ్రహం విషయంలో ఎవరూ ఏదీ గుండ్రంగా చేయనక్కర్లేకపోయింది. తెల్లవారుజామున వేగుచుక్కగా మెరిసే ఆ గ్రహం చుట్టూ ఎడతెగని మబ్బులున్నాయి, అవి దేనివో చాలాకాలం తెలియలేదు. ఫ్రెంచి ఖగోళవేత్త బెర్నార్డ్ లియో 1920లలోనే శుక్రుడి నుంచి వచ్చే కాంతి ధ్రువణాన్ని కొలిచి పెట్టాడు. శుక్రుడు తిరిగేకొద్దీ సూర్యకాంతి ఆ మబ్బుల్లో చెదిరి మనల్ని చేరే కోణం మారుతుంది. కాబట్టి కొన్ని నెలలు వరసగా కొలిస్తే ప్రతి కోణానికీ ధ్రువణం ఎంతో ఒక గీతగా వస్తుంది. 1974లో జేమ్స్ హాన్సెన్, యోప్ హోవెనియర్ ఆ గీతను లెక్కలతో సరిపోల్చారు. అందులో ఇంద్రధనుస్సు గుర్తు ఉంది. గుండ్రని రేణువులు కాకపోతే అది రాదు, అంటే అవి ద్రవ బిందువులు. వ్యాసార్ధం సుమారు ఒక మైక్రాన్. వక్రీభవన గుణకం 1.44. నీటికైతే 1.33 ఉండాలి. సరిపోయింది గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఇంచుమించు 75 శాతం. కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న, జుట్టు మందంలో ఇరవయ్యో వంతు కూడా లేని చుక్క గుండ్రంగా ఉందనీ, యాసిడ్‌తో నిండి ఉందనీ ఇక్కడి నుంచే తేల్చేశారు.

నక్షత్రాల మధ్య ఉన్న ధూళి దీనికి పూర్తిగా ఎదురు కథ. 1949లో అమెరికాలో విలియం హిల్ట్నర్, జాన్ హాల్ ఒక వింత గమనించారు. ధూళి గుండా వచ్చే నక్షత్రాల కాంతి కొన్ని శాతం ధ్రువితమై వస్తోంది. ఆ ధూళి గుండ్రని రేణువులదైతే ఇది జరిగే పని కాదు. రేణువులు సాగినవో అణిగినవో అయి ఉండాలి. అంతే చాలదు, ఎటు పడితే అటు తిరిగి ఉంటే ఒకదాని ప్రభావం ఒకటి చెరిపేస్తుంది. అవన్నీ ఒకే వరసకు వచ్చి ఉండాలి. అక్కడ చెంచా తిప్పేవాళ్లెవరు? రెండేళ్ల తర్వాత డేవిస్, గ్రీన్‌స్టీన్ జవాబు చెప్పారు: పాలపుంత అయస్కాంత క్షేత్రం. గిర్రున తిరిగే ఆ రేణువులు తమ పొడవును క్షేత్రానికి అడ్డంగా నిలుపుకుంటాయి. పొడవు వెంట ఊగే కాంతిని ఎక్కువగా ఆపేస్తాయి. దాటుకుని మన దాకా వచ్చేది ఎక్కువగా క్షేత్రం దిశలో ఊగే కాంతి.

అలాంటి రేణువులకు గుస్టావ్ మీ సూత్రాలు ఏ మాత్రం పనికిరావు. 1973లో ఎడ్వర్డ్ పర్సెల్, కార్ల్ పెన్నీపాకర్ ఇంకో దారి పట్టారు. రేణువును చిన్న చిన్న తునకల గుంపుగా ఊహించి, ప్రతి తునకా వచ్చే కాంతికీ మిగతా తునకలు పంపే కాంతికీ కలిపి ఎలా ఊగుతుందో కంప్యూటర్ మీద కట్టారు. ఏ వంకర ఆకారానికైనా ఈ పద్ధతి సరిపోతుంది, కావలసిందల్లా ఓపిక, కంప్యూటర్ బలం. నక్షత్ర ధూళి కోసం పుట్టిన ఆ లెక్కను ఇప్పుడు మంచు స్ఫటికాలకూ, మసి గొలుసులకూ, బంగారు కడ్డీలకూ వాడుతున్నారు.

మైక్రాన్‌లో పదో వంతు ఉండే ఆ ధూళి కాస్త వెచ్చబడి తనూ మైక్రోవేవ్ కాంతిని వెదజల్లుతుంది, అదీ ధ్రువితమే. ఐరోపా ప్లాంక్ ఉపగ్రహం ఆకాశమంతా దాన్ని కొలిచి, పాలపుంత అయస్కాంత క్షేత్రం ఎటు నుంచి ఎటు పోతోందో పటం గీసింది. అందులో సన్నని చారలు మడతలు పడి, సుడులు తిరిగి, ఒక చోట దగ్గరై మరో చోట విడిపోతూ ఉంటాయి. ఆ పటం మొదటిసారి చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది కిటికీ దగ్గర పెట్టిన షాంపూ నీళ్ల గ్లాసు.